హౌజులో బతికే చేప

పొద్దున్నే వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గేసి, పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టి జమున పెరట్లోకి వచ్చేసరికి సిమెంటు నీళ్ళ హౌజులో మళ్ళీ రెండు చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. పిండికి పనికిరాని పాత జల్లెడ ఒకటి ఈ పని కోసమే గోడకు వేలాడుతోంది. దాంతో రెంటినీ ఎత్తి, మందారచెట్టు కింద గుంత తీసి పూడ్చింది. ఈ రెండు నెలల్లో ఆ చెట్టు కింద ఇంక చోటు మిగల్లేదు. పూలు మాత్రం విరగబూస్తున్నాయి.

నోట్లో బ్రష్షుతో భాస్కర్ వెనకాలే వచ్చాడు. చేపలు చచ్చినందుకు బాధపడేముందు భార్య వంక ఓసారి చూశాడు.

"తవుడు ఎక్కువేసినవా?"

"లేదు. మీరు చెప్పినంతే, పిడికెడు."

"అయితే తక్కువేసి ఉంటవ్."

ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా సరిగ్గా వేసే మనిషి ఒకతె ఉండొచ్చని ఆయనకి తోచదు. పదేళ్ళ కాపురంలో ఉప్పు విషయంలో తోచలేదు, ఇస్త్రీ విషయంలో తోచలేదు, ఇప్పుడు చేపల విషయంలో కొత్తగా ఎందుకు తోస్తుంది? జమున చేతులు కడుక్కుని చాయ్ పొంగిపోకుండా లోపలికి పరుగెత్తింది.

భాస్కర్‌ది సూర్యాపేటలో మోటార్లు బాగుచేసే దుకాణం. కాలిపోయిన మోటారు తెచ్చి పడేస్తే రాగితీగ కొత్తగా చుట్టి నడిపించి ఇస్తాడు. చేతిలో పనితనం ఉంది, లేదనడానికి లేదు. పోయిన చలికాలం సామాను కోసం హైదరాబాద్ పోయి, అక్కడేదో వ్యవసాయ ప్రదర్శనలో ఒక వింత చూసి వచ్చాడు. కింద నీళ్ళ తొట్టిలో చేపలు, పైన కంకర నింపిన మడిలో కూరగాయలు. చేపల మురికినీళ్ళను చిన్న మోటారు పైకి తోడుతుంది. ఆ మురికిని మొక్కలు ఎరువుగా తీసుకుంటాయి. తేరుకున్న నీళ్ళు మళ్ళీ ధారగా చేపల మీదికి పడతాయి. "మన్ను లేదు, ఎరువు లేదు, పని గూడ లేదు" అన్నాడు ఇంటికొచ్చి, చిన్నపిల్లాడిలా మొహం వెలిగిపోతుంటే. పని లేదని ఆ ఇంట్లో ఎవరన్నా జమున గుండె గుభేల్‌మంటుంది. ఆ లేని పని ఎవరి నెత్తిన పడుతుందో ఆమెకు తెలుసు.

అనుకున్నట్టే అయింది. నల్లా వచ్చిన రోజు నీళ్ళు పట్టి పెట్టుకునే సిమెంటు హౌజు చేపలకు పోయింది. పైన ఇటుకలతో మడి లేచింది, బెండ, టమాట, పాలకూర వచ్చాయి. బట్టలుతకడానికీ బాసండ్లు తోమడానికీ నీళ్ళు మాత్రం గల్లీ చివరి బోరింగు నుంచి బిందెలతో మోసుకు రావలసి వచ్చింది. అది తొంభై నాలుగు ఎండాకాలం. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, మోటారు ఆగితే చేపలకు గాలి ఆడదు. అప్పుడు హౌజులోంచి బకెట్‌తో నీళ్ళు ముంచి, చెయ్యెత్తి పై మడిలో పొయ్యాలి. అవి కిందికి కారేలోగా ఇంకోటి, ఆపైన ఇంకోటి. ఊరందరి మోటార్లకు తీగ చుట్టే మనిషికి, కరెంటు లేకుండా నడిచే మోటారు ఇంట్లోనే దొరికింది. చుట్టాలొచ్చినప్పుడల్లా భాస్కర్ వాళ్ళను పెరట్లోకి తీసుకుపోయి "నా ప్రయోగం" అని చూపించేవాడు. వాళ్ళు మెచ్చుకుంటుంటే జమున వాళ్ళకు చాయ్ పెట్టేది.

చేపల ఎంపిక కూడా ఆయనదే. మొదట కొర్రమీను తెచ్చాడు. పెంచితే కొర్రమీనే పెంచాలె, నలుగురికి చెప్పుకుంటే పేరుండాలె అన్నాడు. వాటితోపాటు దొరికిన చిన్నాచితకా చేపపిల్లలన్నీ కలిపి వేశాడు. కొర్రమీను తోటి చేపల్ని మింగుతుందని జమునకు తెలుసు, చెప్పింది కూడా. "నువ్వు సప్పుడు జెయ్యకు, ప్రదర్శనల నేను జూసొచ్చిన" అన్నాడు. వారంలో చిన్నవి మాయమయ్యాయి. తర్వాత పెద్దవి ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి. మిగిలిన ఒక్కటి, అకాల వాన పడిన రోజు, హౌజు గోడ మీంచి ఎగిరి దూకి తడి నేల మీద పాక్కుంటూ పోయి మోరీ మురికినీళ్ళలో పడి కనపడకుండా పోయింది. "మూత పెట్టకపోతివి" అన్నాడు. జమునకు మాత్రం మోరీ వైపు చూసినప్పుడల్లా రెండు రోజులు నవ్వొచ్చింది. ఆ తర్వాత రవ్వ, బొచ్చె చేపలు తెచ్చాడు. అవి కరెంటు పోయిన ప్రతిసారీ పైకి తేలి, నోళ్ళు తెరిచి, ఆమె బకెట్ అందుకునేలోగా కొన్ని, అందుకున్నాక కొన్ని చచ్చిపోయేవి.

"ఈసారి నువ్వే పోయి చేపలమ్మే గోపమ్మనడుగు" అన్నాడు ఆ పొద్దు చాయ్ తాగుతూ. "హౌజుల బతికే చేప గావాలె అను. సచ్చేది వద్దు. నాకు గా సావు జూసుడు మనసొప్పుత లేదు."

చావులు చూసేది, పూడ్చేది తాను. మనసొప్పనిది ఆయనకి. జమున సంచీ తీసుకుని బయల్దేరింది.

ఆ రోజుల్లో నిజానికి జమున సంతోషంగానే ఉంది. కారణం అహల్య. కోదాడలో ఉండే బాబాయ్ సత్యనారాయణ కూతురు. జమున ఎత్తుకు పెంచిన పిల్ల. నెల కిందట, రెండు బిందెలతో బోరింగు నుంచి వస్తూ, గడపలో ఆయాసానికి ఆగి, "మా అహల్య దగ్గరుంటే ఎంత బాగుండు" అని పైకే అనుకుంది. అత్త బుచ్చమ్మకు కళ్ళు మసకలొచ్చాయి గాని చెవులు మహా చురుకు.

"ఎవ్వలే, మీ బాబాయ్ బిడ్డనా? మన దశరథకు సూడొచ్చు గద!"

దశరథ భాస్కర్ తమ్ముడు. మిర్యాలగూడలో రైసుమిల్లులో గుమాస్తా. మంచివాడే, అన్న మాట దాటడు, అమ్మ మాట అసలే దాటడు. "వాడు ఆడనే మిల్లుల ఉంటడు, ఆయితారం ఆయితారం వస్తడు. పిల్ల ఈడ మనతోని ఉంటది. నీకూ చేతికింద ఆసర అయితది" అంది బుచ్చమ్మ, ఏదో వరమిస్తున్నట్టు. జమునకు వరంలాగే వినపడింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె కోదాడ మాట విని ఇంటిల్లిపాదీ నవ్వేవారు. 'అదేంటండీ' అంటే చాలు, ఆడబిడ్డలు పొట్టలు పట్టుకునేవారు. ఆంధ్ర పిల్ల వచ్చిందే అనేవారు. ఆరు నెలల్లో ఆమె మాట మార్చుకుంది. ఇప్పుడు అహల్య తోడికోడలై, తన ఏరాలిగా వస్తే, ఇద్దరూ బోరింగు దగ్గర నిలబడి 'ఏంటే', 'ఏమోనే' అనుకోవచ్చు. ఒకరు నీళ్ళు తెస్తే ఒకరు బట్టలుతకొచ్చు. జ్వరమొచ్చిన రోజు ఒక పూట పడుకోవచ్చు. ఇంత చిన్న ఆశ మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో! తానే బాబాయ్‌కి ఉత్తరం రాసింది. జవాబు అహల్యే రాసింది. డిగ్రీ చివరి సంవత్సరం పరీక్షలు అవుతున్నాయట. టైపు లోయర్ పాసయింది, హయ్యర్ కూడా కడితే ఏదైనా ఆఫీసులో ఉద్యోగం దొరుకుతుందని సార్ చెప్పారట. చివర్లో, "అక్కా, నాన్న నీ మాటే నా మాట అన్నాడు. నువ్వున్నావు గాబట్టి నాకు భయం లేదు. నువ్వు రమ్మంటే వస్తాను" అని ఉంది. జమున ఆ ఉత్తరాన్ని బియ్యం డబ్బాలో దాచుకుని మూడుసార్లు చదువుకుంది.

చేపల బజార్లో గోపమ్మ ఎప్పటిలాగే గంప ముందేసుకుని కూర్చుని ఉంది. పక్కన సిల్వర్ గిన్నెలో నీళ్ళు, అందులో బతికున్న చేపలు.

"హౌజుల బతికే చేప గావాలె గోపమ్మా. సావొద్దు."

"పెంచుడు కొత్తనా?"

"కొత్తనే."

"కొత్తోళ్ళకు రవ్వ, బొచ్చె ఎవడిచ్చిండు బిడ్డా? గవి చెరువు మరిగిన పానాలు, గవిటికి జాగ గావాలె. బంగారుతీగ బతుకుతది గని, అడుగంత తవ్వుడే దానికి పని, నీ నీళ్ళు తేరుకోవు. గీ జిలేబి చేప తీస్కపో." గిన్నెలో చెయ్యి పెట్టి వేలెడు చేప ఒకదాన్ని అరచేతిలోకి తీసి పైకెత్తి చూపించింది. "తవుడేస్తే తవుడు, పాచి ఉంటే పాచి. ఏది పెడితే అది తింటది. నీళ్ళు మురికైనా ఓర్సుకుంటది, కాగినా ఓర్సుకుంటది. ఎంత ఇరుకైనా సర్దుకుంటది. గిది గూడ సచ్చిందంటే ఇగ తప్పు నీదే."

జమున నవ్వబోయి ఆగింది. ఈ మాటలు ఎక్కడో విన్నది. ఎక్కడో కాదు, కోదాడలో, తమ ఇంట్లోనే, తలుపు వెనక నిలబడి విన్నది. అప్పటికి నాన్న పోయి రెండేళ్ళు. పెళ్ళివారితో మాట్లాడింది బాబాయే. "పిల్లకు కోపతాపాలున్నయా? మాది నలుగురు మెసిలే ఇల్లు" అని బుచ్చమ్మ అడిగింది. "అబ్బే, మా జమున నోట్లో నాలుక లేని పిల్లండీ. ఏది పెడితే అది తింటుంది. ఎక్కడైనా సర్దుకుంటుంది" అన్నాడు బాబాయ్, సంతలో సరుకు గురించి చెప్పినంత ధీమాగా. తలుపు వెనక జమునకు ఒళ్ళు మండిపోయింది. ఏది పెడితే అది తినడమేమిటి? ఆమె వంకాయ ముట్టదు. చిన్నప్పుడు బలవంతాన పెడితే కక్కుకుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వంకాయ వండితే ఆమెకు వేరే పచ్చడి ఉండేది. గల్లీ అంతటికీ తెలిసిన సంగతి, బాబాయ్‌కి తెలియదా? తన ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలకు ఇరవై రోజులే ఉంది, ఆ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. పెళ్ళయిన మూడో రోజు అత్తగారింట్లో గుత్తివంకాయ వండారు. విస్తట్లో మూడు కాయలు వేసి బుచ్చమ్మ ఎదురుగా కూర్చుంది. జమున తిన్నది. పదేళ్ళుగా తింటూనే ఉంది. ఇప్పుడు కక్కు కూడా రాదు.

"ఏందమ్మా, తీస్కపోతవా?" గోపమ్మ అడిగింది.

"ఇయ్యి" అంది జమున.

జిలేబి నిజంగానే చావలేదు. తెచ్చిన పదిహేనుకు పదిహేనూ బతికాయి. భాస్కర్ సంబరం చెప్పనలవి కాదు. "చేప సెలెక్షన్లనే ఉంటది అంత" అని దుకాణానికొచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. బెండ కాసింది, పాలకూర ఏపుగా వచ్చింది, జల్లెడ గోడకే ఉండిపోయింది. మూడు నెలలు గడిచేసరికి హౌజు నిండా చేపలే. కాని ఒక్కటీ పెద్దది కాలేదు. వేలెడువి వేలెడే ఉన్నాయి. వాటి కింద గింజలంతవి వందలు. కూర వండమని బుచ్చమ్మ రెండుసార్లు పట్టించి, ముండ్లు తప్ప ఏమీ లేవని గిన్నె నెట్టేసింది. "మేత సరిగ్గ ఎయ్యవు" అన్నాడు భాస్కర్. అందులో ఒకటి, దవడ కింద సంచీలా ఉబ్బి, తవుడు వేస్తే అన్నీ ఎగబడుతుంటే అది మాత్రం ఓ మూలకు పోయి కదలకుండా ఉండేది. వారం చూసింది జమున. రోగమేమోనని భయమేసింది. ఇది కూడా చస్తే తప్పు నీదే అన్న మాట చెవిలో ఉంది. మళ్ళీ గోపమ్మ దగ్గరికి పోయింది.

గోపమ్మ పకపకా నవ్వింది. "రోగం గాదు, ఏం గాదు. అది తల్లి. జిలేబి గుడ్లు పెట్టి నోట్లనే పెట్టుకుంటది. పిల్లలయ్యి ఈదేదాంక నోట్లనే మోస్తది. గన్ని దినాలు మేత ముట్టది. నోరు తెరిస్తే పిల్లలు పోతయని మూసుకునే ఉంటది. పిల్లల్ని ఇడిసిపెట్టి నాలుగు దినాలు తిన్నదో లేదో, మళ్ళ గుడ్లు."

"మరి పెరగవేంది?"

"చెరువుల ఇడిస్తే గిదే జిలేబి జానెడున్నర అయితది. నీ హౌజుల గంతే. బతుకుడు ఏరు, పెరుగుడు ఏరు బిడ్డా. నువ్వు బతికేది గావాలన్నవ్, ఇచ్చిన. పెరగాలని నువ్వడిగినవా?"

జమున గోపమ్మ గంప పక్కన తడి అరుగు మీదే కూర్చుండిపోయింది. హౌజులో చేప తానేనని కూర్చుని ఏడ్చే తీరిక ఆమెకు లేదు, తన ఇద్దరు పిల్లలూ బడి నుంచి వచ్చే వేళవుతోంది. ఆమెకు గుర్తొచ్చింది అహల్య. ఆ పిల్ల సర్దుకుంటుందా? సర్దుకుంటుంది. ఆ సంగతి జమునకు బాగా తెలుసు. చిన్నప్పుడు తన పాత లంగాలు పొడవై నేల మీద జీరాడుతున్నా మాట్లాడకుండా కట్టుకుంది. బస్సులో ఒక్క సీటుంటే తాను లేచి ఎవరికో ఇచ్చేది. అహల్య వస్తే ఆరు నెలల్లో మాట మార్చుకుంటుంది, టైపు మరిచిపోతుంది, బిందెలు మోస్తుంది, అక్క ఉంది కదా అని నవ్వుతూ మోస్తుంది. అక్క ఉన్నది కాబట్టే వస్తుంది. తనకొక తోడు కావాలని, తన చేతులతో తానే ఆ పిల్లను తెచ్చి ఈ ఇంట్లో వదులుతోంది. వద్దంటే? మళ్ళీ బోరింగు దగ్గర ఒక్కతే, జ్వరమొస్తే ఒక్కతే. ఆ ఊహకే జమునకు ఏడుపొచ్చింది. తోడు కావాలి. తనకు చాలా కావాలి. అట్లా కావాలని ఉన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ తర్వాతి ఆదివారం బాబాయ్ మాట ఖాయం చేసుకోవడానికి వచ్చాడు. కోదాడ బస్సు దిగి, స్వీట్ల పొట్లం పట్టుకుని, చెమట తుడుచుకుంటూ. భాస్కర్ ముందు పెరట్లోకి తీసుకుపోయి తన ప్రయోగం చూపించాడు. పెరట్లోనే వేపచెట్టు నీడకు కుర్చీలు వేశారు. పొద్దున దశరథ మిర్యాలగూడ నుంచి వస్తాడనుకున్నారు గాని మిల్లులో లోడు పడిందట, రాలేదు. అతను లేనందువల్ల ఏ మాటా ఆగలేదు. బుచ్చమ్మ పీట లాక్కుని కూర్చుంది.

"మీ పిల్ల సదువుకున్నదంటిరి. గది మంచిదే అన్నా. గని మాకు కావాల్సింది గుణం. వాడు ఊళ్ళె ఉండడు. మాతోని, గీ ఇంట్ల జర సర్దుకుంటదా?"

బాబాయ్ నవ్వాడు. జమున అప్పుడే చాయ్ పళ్ళెంతో వచ్చింది. "నన్నడుగుతారేంటమ్మా? మీ ఇంట్లో ఉన్న మా అమ్మాయినే అడగండి. ఎత్తుకుని పెంచింది. చెప్పు జమునా, మన అహల్య సర్దుకుంటుందా?"

అందరూ ఆమె వంక చూశారు. ఈ పదేళ్ళలో ఆ ఇంట్లో ఒక నిర్ణయానికి ముందు జమునను అడగడం అదే మొదలు. పళ్ళెం కింద పెట్టింది.

"సర్దుకోదు" అంది.

బుచ్చమ్మ సరిగ్గా వినలేదేమోనన్నట్టు ముందుకు వంగింది.

"సర్దుకోదు అత్తమ్మా. మాటకు మాట చెబుతుంది. బిందెలు మొయ్యదు. పరీక్షలుంటే పెళ్ళయినా సరే పోయి రాసొస్తుంది. ఉద్యోగం చేస్తానంటుంది. ఏది పెడితే అది తినదు. వంకాయైతే అసలే ముట్టదు, పెడితే కక్కుకుంటుంది." కోదాడ మాటే వస్తోందని ఆమెకు తెలుస్తూనే ఉంది, రానిచ్చింది.

"ఏందే, సొంత చెల్లెనే గట్లంటవ్? నువ్వే గద ఉత్తరం రాసింది!" బుచ్చమ్మ పీట మీంచి లేచింది. "గిసొంటి పిల్ల మాకెందుకన్నా! మంచిగైంది, ముందుగాల తెలిసింది."

భాస్కర్ మొహం కందగడ్డలా అయింది. చుట్టం ముందు ఏమీ అనలేక పళ్ళు నూరాడు. ఈ మాటకు లెక్క ఎప్పుడో ఒకప్పుడు తీరుతుందని జమునకు తెలుసు. బాబాయ్ మాత్రం నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మోటారు గుర్రుమని ఆగిపోయింది. పై మడి నుంచి పడే నీళ్ళ ధార సన్నబడి, చుక్కలై నిలిచిపోయింది.

"కరెంటు పోయింది" అన్నాడు భాస్కర్, కుర్చీలోంచి కదలకుండా. ఆ ఇంట్లో ఆ మాటకు అర్థం ఒకటే. జమున కొంగు దోపుకుని బకెట్ అందుకుంది. చేపలు ఏ పాపం చేశాయి? భాస్కర్ దుకాణంలో పనుందని చెప్పులేసుకుని బయటికి పోయాడు. బుచ్చమ్మ గొణుక్కుంటూ లోపలికి పోయింది.

బాబాయ్ హౌజు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముంచడం, చెయ్యెత్తడం, పొయ్యడం, మళ్ళీ ముంచడం. ఆరేడు బకెట్లు చూశాడు. ఆమె చేతుల వంక, మడి వంక, హౌజులో కిక్కిరిసిన వేలెడు చేపల వంక చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు:

"అహల్య వంకాయ ఇష్టంగా తింటుంది గదమ్మా. తిననిది నువ్వు గదా."

జమున ముంచిన బకెట్ మడిలో ఒంపింది.

"ఆ మాట ఆనాడు చెప్పాల్సింది బాబాయ్" అని, ఇంకో బకెట్ ముంచింది.